నేటికి ముడి లేదు

రేడియోలో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు ముగ్గురు మొన్నామధ్య మా ఇంటికి వచ్చారు. చదువుకున్నవాళ్ళు, మంచి గొంతులున్నవాళ్ళు. కాఫీలయ్యాక వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది: "తాతగారూ, మైకు ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు మీకు భయం వేసిందా?"

మైకు ముందు వెయ్యలేదమ్మా అన్నాను. డప్పు పక్కన నిలబడ్డప్పుడు వేసింది.

వేళాకోళం అనుకుని నవ్వారు. వాళ్ళు వెళ్ళాక కాగితాలు ముందేసుకు కూర్చున్నాను. ముప్పయ్యేళ్ళు దాటిన ఉద్యోగంలో నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ దస్త్రం మీద సంతకం చేశానో రాస్తే చదివేవాళ్ళకి ఆవలింతలే వస్తాయి. అవి వదిలేస్తాను. పదిమందికి మాట చేర్చడమంటే ఏమిటో నాకు నేర్పినవాడి గురించి రాస్తాను. వాడికి అక్షరమ్ముక్క రాదు.

"వాడు" అని రాసి కొట్టేశాను. ఆయన. ఈ దిద్దుబాటుకి అప్పట్లో నాకు ఏడాది పైగా పట్టింది.

సంతే మా స్టేషను

మాది సాలూరు దగ్గర పల్లె. పంతొమ్మిది వందల ఇరవైల్లో, నాకు ఇరవయ్యో ఏడు నడుస్తుండగా, కొండమీద కచేరీలో చాటింపు గుమాస్తాగా వేశారు. ఎక్కడో పట్నాల్లో గాలిలోంచి పాట వినిపించే పెట్టె ఒకటి వచ్చిందట అని ఎవరో అంటే మా తాసీల్దారు గారు "ఏడిశావులే" అని నవ్వేశారు. అరకు లోయలోనైనా, చుట్టుపక్కల కొండల్లోనైనా సర్కారు మాట మనిషి కాళ్ళమీదే వెళ్ళాలి. అడవికి నిప్పు పెట్టొద్దన్నా, గొడ్లకి రోగం తగిలిందన్నా, వానకి ఘాటీ దారి తెగిందన్నా, అన్నీ శుక్రవారం సంతలో డప్పు వేసి చాటడమే. సంతే మా స్టేషను.

చూసేవాళ్ళకి అది ఇద్దరు మనుషుల పని. నిజానికి అందులో నాలుగు పనులున్నాయి. హుకుం రాసేవాడు కచేరీలో కూర్చుంటాడు. డప్పు కొట్టేవాడు జనాన్ని పిలుస్తాడు. మాట చెప్పేవాడు ఆ హుకుంని మనుషులు మాట్లాడుకునే మాటలోకి తెస్తాడు. కొండమీద ఆ మాట కొంత తెలుగు, కొంత ఒడియా, మిగిలింది కొండభాష. నాలుగోవాడు, విన్నారో లేదో అడిగేవాడు. పిల్లలూ, ఈ రోజు మీ స్టేషన్లలో మొదటి మూడు పనులకీ గదులున్నాయి, ఫ్యాన్లున్నాయి. నాలుగో పనికి ఒక కుర్చీ వేసినట్టు కూడా నేనెక్కడా చూడలేదు.

ఆ చివరి మూడు పనులూ ఒక్కడే చేసేవాడు సుక్రు. ఊళ్ళ మధ్య కబురు మోసే బారికి. మా నాన్న ఈడువాడు, సన్నటి మనిషి, చెవుల దగ్గర నెరిసిన జుట్టు. అందరూ పిలుస్తున్నారు కదా అని నేనూ "ఒరే సుక్రూ" అనేవాణ్ణి. ఆయన నన్ను "గుమస్తా బాబూ" అనేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి శుక్రవారం నేను ఓ బండరాయి ఎక్కి, తాసీల్దారు గారు రాసిచ్చిన హుకుం ఎత్తుకున్నాను. "ఇందుమూలముగా యావన్మంది ఏజెన్సీ ప్రజానీకమునకు తెలియపరచునది ఏమనగా..." నేను "ఏమనగా" దగ్గరికి వచ్చేసరికి యావన్మందీ ఉప్పు బస్తాల దగ్గరికి వెళ్ళిపోయారు. చింతపండు అమ్ముకునే ముసలామె ఒకతి మాత్రం నిలబడి, నా వంక జాలిగా చూసి సుక్రుని అడిగింది: "ఆ బాబుకేటయినాది? ఒంట్లో బాగోనేదా?"

సుక్రు నవ్వలేదు. డప్పు మీద మూడు దెబ్బలు వేసి కేక పెట్టాడు. "పోడు కొట్టుకున్నోలు ఇటు రండి! మిగతావోలు మీ బేరాలు సూసుకోండి!"

అంతే. పోడువాళ్ళు వచ్చారు. మిగతావాళ్ళు వాళ్ళకంటే ముందొచ్చారు.

"ముందు ఎవుడికో సెప్పాల బాబూ, ఏటో తరవాత సెప్పొచ్చు," అన్నాడు దారిలో. "అందరికీ అంటే ఎవుడూ రాడు. నీకు గాదంటే మాత్రం సెవులు నిక్కబొడుసుకుని వొత్తాడు." నలభయ్యేళ్ళలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంతకంటే పనికొచ్చే మాట దొరకలేదు.

వేళ కూడా ఆయనే నేర్పాడు. ఉప్పు కొన్నాక, జీలుగు కల్లు తాగక ముందు. ఉప్పు కొనని వాడి మనసు ఉప్పు మీద ఉంటుంది. సాలూరు నుంచి ఎడ్లమీద వచ్చిన ఉప్పు అయిపోతుందేమోనని వాడి గుండె కొట్టుకుంటూ ఉంటుంది. కల్లు పడ్డవాడు మీరు చెప్పినదానికి పదింతలు వింటాడు. ఆ రెంటి మధ్యా ఒక గంట. ఆ గంటే మనది.

నాకు ఒళ్ళు మండేది నాలుగో పని దగ్గర. చాటింపు అయిపోయాక సుక్రు వెంటనే కదిలేవాడు కాదు. గుంపుకి అన్నిటికంటే చివర నిలబడ్డ మనిషిని వెతికి పట్టుకునేవాడు. "అమా, నానేటి సెప్పినాను?" ఆవిడ తప్పు చెబితే కోప్పడేవాడు కాదు, మళ్ళీ మొదటినుంచి డప్పు.

"దానికి చెవుడురా! పోయి పోయి దాన్ని అడుగుతావేం?" అని ఒకసారి విసుక్కున్నాను.

"సెవిటిదానికి సేరితే అందరికీ సేరినట్టే గదా బాబూ," అన్నాడు.

తాడు

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పకపోతే ఈ కాగితాలన్నీ దండగ.

పై కొండల్లో ఉన్న గూడేలకి సంత రోజు తప్ప మిగిలిన వారాల పేర్లతో పని లేదు. తారీఖు అంటే ఏమిటో అసలే తెలీదు. ఫలానా రోజు రమ్మని చెప్పాలంటే అడ్డతీగ నారతో తాడు పేని, దానికి ముడులు వేసి పంపడం అక్కడి ఆనవాయితీ. పెళ్ళికైనా అంతే, తగువుకైనా అంతే. గూడెం పెద్ద, వాళ్ళ మాటలో నాయుడు, ఆ తాడు చూరుకి కట్టుకుని రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పుతాడు. ఆఖరి ముడి విప్పిన రోజు గూడెమంతా కదులుతుంది. నోటిమాట మరిచిపోవచ్చు, తాడు మరవదు. అందుకే సుక్రు చాటింపులో రోజు పేరు ఎత్తేవాడే కాదు. "తాడు సూసుకోండి" అనేవాడు.

రెండో ఏడు, వలిసెపూలు కొండలన్నీ పచ్చగా కమ్మేసిన నెలలో, ఒడియా వైపు ఊళ్ళలో మశూచి పుట్టిందని కబురొచ్చింది. కింద ఆసుపత్రి నుంచి టీకాలాయన్ని పంపుతున్నామన్నారు. బుధవారం సంత మైదానం పక్క బంగళాలో ఉంటాడు, మర్నాడు ఇంకో చోటికి వెళ్ళిపోవాలి. ఆ మందు ఎండకి ఆగదు. ఐదు గూడేల పిల్లలు ఆ ఒక్క రోజున దిగి రావాలి.

ఆ శుక్రవారం సుక్రు కాలు బాగాలేదు. ముల్లు దిగి అరికాలు చీము పట్టింది. అయినా నించునే చాటాడు. టీకా అంటే పిల్లల్ని అడవిలో దాచేసే జనానికి, తన జబ్బ మీద చిన్నప్పటి టీకా మచ్చ చూపించి, "మా అన్నకి ఎయ్యనేదు, ఆడు పోనాడు. నాకేసినారు, నానున్నాను," అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. జనం తలలూపారు.

తరువాత రాయి మీద కూర్చుని తాళ్ళకి ముడులు వేస్తున్నాడు. తాసీల్దారు గారు ఆ మధ్యాహ్నానికి నేను కచేరీలో ఉండాలన్నారు. నాకు తొందర. నాలుగు తాళ్ళయ్యాయి. ఐదోది, పనసగొంది తాడు, నేను లాక్కున్నాను. "ఇలా తే, ముడి వెయ్యడం కూడా విద్యేనా?" అన్నాను.

శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు, సోమవారం నాలుగు, మంగళవారం ఐదు, బుధవారం ఆరు. వేళ్ళమీద లెక్కపెట్టి ఆరు ముడులు వేశాను. మా పల్లెలో లెక్క అలాగే. ఈ రోజుతో కలిపి ఆరో రోజు అంటాం.

పనసగొంది నుంచి ముక్త అనే ఆమె వచ్చింది. ఆరేళ్ళ కూతురున్న మనిషి. తాడు ఆమె చేతిలో పెట్టాను.

"అడుగు బాబూ," అన్నాడు సుక్రు. "ఎప్పుడొత్తాదో ఓపాలి సెప్పమను."

"ముడులు ఉన్నాయిగా. ఇంకేం అడగాలి? పద, బేగి పద!"

వాళ్ళ మాటలోనే కసిరాను. సుక్రు నన్ను ఒక క్షణం చూసి, కర్ర పట్టుకుని లేచాడు.

పనసగొంది దారి

బుధవారం నాలుగు గూడేలు దిగి వచ్చాయి. టీకాలాయన పేరు వెంకటరావు గారు. లావుపాటి మనిషి, ఆయాసం, నోరు తెరిస్తే కసుర్లు. చెయ్యి మాత్రం మహా మెత్తన. ఏడిచే పిల్లాణ్ణి "ఓరి నీ అసాధ్యం కూలా, నీ గోలకి పులులు లేస్తాయిరా" అంటూనే టీకా వేసేసేవారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పనసగొంది నుంచి ఒక్క పిల్ల రాలేదు.

సుక్రు నా పక్కకి వచ్చాడు. "ఎన్ని ముడులేసినావు బాబూ?"

"ఆరు."

ఆయన మొహం మారిపోయింది. "నేటిని కూడా కలిపేసినావేటి? తాడేసిన రోజు సెల్లిపోనాది గదా! నేటికి ముడి లేదు. మర్నాటి పొద్దున్న గదా మొదటి ముడి ఇప్పుతారు!"

వేళ్ళమీద మళ్ళీ లెక్కపెట్టాను. శని, ఆది, సోమ, మంగళ, బుధ. ఐదు ముడులే వెయ్యాలి. వాళ్ళ తాడుకి ఇంకా ఒక ముడి ఉంది. వాళ్ళు రేపు దిగుతారు, పిల్లల్ని చంకనేసుకుని, ఖాళీ బంగళాకి.

నేను సుక్రు చేతులు పట్టుకున్నాను. డప్పుకి రకరకాల దెబ్బలున్నాయి. సంత దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు, అడవికి మంట అంటుకున్నప్పటి దెబ్బ వేరు. ఆ మంట దెబ్బ గట్టు మీద వేస్తే పై కొండ వింటుంది, విన్నవాడు విన్నట్టే పిల్లాపాపల్తో కిందకి పరిగెత్తుకొస్తాడు. "మంట దెబ్బ వెయ్యి సుక్రూ. గంటలో అందరూ ఇక్కడుంటారు."

"ఎయ్యను."

"పిల్లల ప్రాణాలురా!"

"అందుకే ఎయ్యను. నేడు రాని మంటకి డప్పేస్తే, రేపు నిజంగా మంటొచ్చినపుడు ఎవుడు దిగుతాడు? ఈ డప్పు ఇంతవరకూ అబద్దమాడనేదు బాబూ. మా అయ్య సేతిలోనూ ఆడనేదు." డప్పు భుజాన వేసుకుని, "తప్పు నీది. టీకాల బాబుకి నువ్వే సెప్పు," అన్నాడు.

ఆ మాటకి ఆ నిమిషంలో నాకు కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఇన్నేళ్ళు గడిచాక చెబుతున్నాను, నా ఉద్యోగంలో నాకు దొరికిన అత్యుత్తమ అధికారి ఆయనే.

వెంకటరావు గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. సామాను కట్టేసుకుంటున్నారాయన. నన్ను తిట్టిన తిట్లు రాయను. తిట్టడం అయిపోయాక కండువాతో మొహం తుడుచుకుని అడిగారు: "ఎంత దూరం?"

"రెండు కోసులండి. ఎక్కుడు."

"నా ఒళ్ళు చూశావా? నన్నెవడు మోస్తాడయ్యా?" అని, మందు గొట్టాలు తడిగుడ్డలో చుట్టి, ఆనపబుర్రలో పెట్టి, ఆ బుర్ర తన గుండెలకి ఆనించుకుని, నా కంటే ముందు నడిచారు.

సుక్రుని రావద్దన్నాం. వచ్చాడు. కర్ర ఒక చేత, భుజాన డప్పు. ప్రతి మలుపులోనూ ఆగి సంత దెబ్బ వేశాడు, మామూలు దెబ్బ, మేం వస్తున్నామని. అడుగడుగుకీ మట్టిలో ఆయన పాదం రక్తం అంటిస్తూ వచ్చింది. నేను వెనక నడుస్తూ ఆ మరకలు చూశాను. దారిలోనే నా నోటంట "సుక్రన్నా, కాసేపు కూకో" అని వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. డప్పు మాత్రం కొంచెం గట్టిగా మోగింది.

డప్పు విని పనసగొంది జనం గూడెం మొగలోకి వచ్చి నించున్నారు. పిల్లల్ని తెమ్మన్నాం. నాయుడు కదల్లేదు. చూరుకి కట్టిన తాడు విప్పి తెచ్చి నా మొహం ముందు పట్టుకున్నాడు. ఒకటే ముడి.

"తాడు రేపంతాది. నువ్వు నేడంతన్నావు. తాడు మాకు ఎన్నడూ తప్పు సెప్పనేదు. నువ్వెవుడివో మాకేటి తెలుసు?"

మందు చెడిపోతుందని వెంకటరావు గారు అరుస్తున్నారు. ఆయన భాష వాళ్ళకి రాదు. నాకు సుక్రు వైపు చూడడం తప్ప దారి లేకపోయింది. నన్ను పక్కకి లాగి, మెల్లిగా చెప్పాడు. చాటింపులో తప్పు దొర్లితే, చాటినవాడే వచ్చి, అదే డప్పు వేయించుకుని, ఆ తప్పు వినేవాళ్ళ ముందు నిలబడి చాటాలి. అప్పుడు గాని ఆ తప్పు కరగదు. వాళ్ళ నాన్న ఒకసారి చాటాడట. తాను రెండుసార్లు.

నేను కచేరీ గుమాస్తాని. తలపాగా, కోటు. సర్కారు మనిషి కొండవాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడమా? ఈ ఆలోచన వచ్చిందని దాచను. వచ్చింది. ఆనపబుర్రని బిడ్డలా పట్టుకుని రొప్పుతున్న వెంకటరావు గారిని చూశాక పోయింది.

సుక్రు మూడు దెబ్బలు వేశాడు. "తాడు ఏసినోడు మాటాడతాడు, ఇనండి!"

వచ్చీరాని కొండమాటలో చెప్పాను. "ఈ తాడు నేనే వేశాను. చెల్లిపోయిన రోజుకి కూడా ముడి వేశాను. ఒక ముడి ఎక్కువైంది. తప్పు తాడుది కాదు, సుక్రన్నది కాదు, నాది."

ఒక ముసలామె ముందుకొచ్చి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "తాగేసిన అంబలిని మళ్ళీ ముంతలో లెక్కెట్టినాడే!" అంది. గూడెమంతా గొల్లుమంది. నాయుడు కూడా నవ్వాడు. నవ్వుతూనే, సుక్రు వైపు తిరిగి, "ఏటి సెప్పినాడో నాను తిరిగి సెప్తాను, సరో కాదో సూడు," అని నా మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పి, ఆ ఆఖరి ముడి విప్పేశాడు.

పొద్దు కొండ దాటేలోగా పిల్లలందరికీ టీకాలయ్యాయి. ఒక్క పిల్లకి తప్ప.

ముక్త కూతురు బుద్రి, రెండు కొండల అవతల మేనమామ ఇంట్లో ఉంది. రేపు పొద్దున్నే వెళ్ళి తెచ్చుకుని అటునుంచి అటే సంతకి దించుదామనుకుంది తల్లి. ముడి ఉంది కదా అని. నా కాళ్ళ దగ్గర కూలబడి అడిగింది: "నేడని సెప్తే నిన్ననే తెచ్చుకుందును గదా బాబూ?"

ముక్త అప్పటికప్పుడే పిల్ల కోసం బయలుదేరి పోయింది. వెంకటరావు గారు ఒక గొట్టం తీసి పక్కన పెట్టించారు. పొద్దున్నే వెళ్ళిపోవలసిన మనిషి, మర్నాడు నడిమధ్యాహ్నం దాకా గూడెం మొగలో కూర్చున్నారు. మరో చోట ఆయన కోసం ఇంకెందరో పిల్లలు చూస్తున్నారు. మేనమామ వాళ్ళు పిల్లతో సహా అడ్డాకులకి అడవిలోకి వెళ్ళారని కబురు వచ్చింది. ఆయన లేచి, ఆ గొట్టం పట్టుకుని దిగిపోయారు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశారు. తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండా మశూచి ఆ కొండ దాటి వచ్చింది. ఐదు గూడేల్లో టీకా వేసుకున్న పిల్ల ఒక్కతీ పోలేదు. బుద్రికి పోసింది. బతికింది. ఎడమ కన్ను పోయింది.

ఆ కబురు నాకు సంతలో సుక్రన్న చెప్పాడు. చాటడానికి ఎక్కే ఆ బండరాయి మీదే కూర్చుని, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆయన పక్కన నించున్నాడు. జనం వైపు చూసి, "ఉప్పు కొనడం అయిపోనాది బాబూ, లెగు," అన్నాడు.

పరువు

నేను తప్పు చాటుకున్న సంగతి కచేరీకి చేరింది. తాసీల్దారు గారు పిలిపించారు. "తప్పయితే నాతో చెప్పాలి. ఆ జనంతో చెప్పడమేమిటి? కచేరీ పరువు ఏం కాను?" అన్నారు. చెడ్డవాడు కాదాయన. మంచి చేతిరాత. కానీ జనం మధ్యకి ఎన్నడూ వెళ్ళలేదు, హుకుం రాసి ఇసుక చల్లి ఆరబెట్టేస్తే పని అయిపోయిందనుకునేవారు. ఇలాంటివాళ్ళు తరువాత రేడియోలో కూడా నాకు తగిలారు. ఇసుక బదులు రబ్బరు స్టాంపు, అంతే తేడా.

పరువు ఏమైందో మరుసటి శుక్రవారం చూశాను. నేను రాయెక్కగానే, ఎప్పుడూ సుక్రన్న మూడు దెబ్బలు వేస్తే గాని రాని జనం, ఒక్క దెబ్బకి వచ్చారు. "ముడి బాబు వొచ్చినాడు, రండి" అని పిలుచుకుంటూ వచ్చారు. ఆ పేరు నాకు అక్కడున్నంత కాలం ఉంది. ఎగతాళికి పెట్టారు, నిజమే. అయితే తాము ఎగతాళి చేసినవాడి మాట నమ్మినంతగా వాళ్ళు కచేరీలో ఎవరి మాటా నమ్మలేదు.

మీరు ఈ పనిలో ఉన్నంతకాలం తప్పులు చేస్తారు. రైలు వేళ తప్పు చదువుతారు, తుపాను దిక్కు తప్పు చెబుతారు. "ఎవరూ గమనించలేదు, వదిలెయ్" అనే పెద్దమనిషి మీ పక్కన తప్పకుండా ఉంటాడు. ఆ మాట వినకండి. ఆ వేళకే, ఆ గొంతుతోనే, తప్పు నాది అని చెప్పండి.

సుక్రన్న ఆ కాలు పూర్తిగా బాగుపడకుండానే ఇంకో పదేళ్ళు కుంటుతూ సంతలన్నీ తిరిగాడు. ఆయన డప్పు అబద్ధమాడకుండానే ఆగింది. ఆయనకి బిరుదులు లేవు, పెన్షను లేదు. కచేరీ కాగితాల్లో ఆయన పేరు ఒక్కచోట కూడా ఉండదు, వెతికాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెట్టె

బుద్రి పెరిగింది. తల్లితో పాటు శుక్రవారాలు దిగడం మొదలుపెట్టింది, చింతపండు, పసుపు అమ్ముకోవడానికి. గుంపుకి ఎప్పుడూ చివరే నించునేది. సుక్రన్న పోయాక ఆ నాలుగో పని నాది అయింది. మొదటి శుక్రవారం ఎవర్ని అడగాలా అని చూస్తే ఆ ఒంటికన్ను నన్నే చూస్తోంది. గుండె రాయి చేసుకుని దగ్గరికి వెళ్ళాను. "బుద్రీ, నేనేటి చెప్పినాను?"

తప్పు లేకుండా అప్పజెప్పింది. తరువాత తాడు అందుకుని, ఒక్కో ముడి వేలితో తడుముతూ అడిగింది: "నేటిని కలిపేసినావా బాబూ, ఒగ్గేసినావా?"

"ఒగ్గేశాను తల్లీ."

"అయితే సరే," అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉందా అని ఎన్ని శుక్రవారాలు వెతికానో. దొరకలేదు. తరువాత నన్ను కిందకి బదిలీ చేసేదాకా ప్రతి చాటింపుకీ ఆ ప్రశ్న, ఆ జవాబు. ఆమె అడగనిదే నా పని అయినట్టు నాకే ఉండేది కాదు.

ఎన్నో ఏళ్ళ తరువాత, నేను కచేరీ వదిలి రేడియోలో చేరి పల్లె కార్యక్రమాలు చదివే రోజుల్లో, అరకు సంతలో పంచాయతీ రేడియో పెట్టారు. వినడానికి నేనూ కొండెక్కాను. గొప్పగా ఉంది, అబద్ధమెందుకు. విశాఖపట్నంలో ముందే చదివి టేపు మీద పట్టించి వచ్చిన నా గొంతు కర్రకి కట్టిన పెట్టెలోంచి సంతంతా మోగుతోంది. పిల్లలకి టీకాలు, ఫలానా రోజు, ఫలానా చోట. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నా ఛాతీ కూడా కొంచెం పొంగింది.

చివర్న బుద్రి నించుని ఉంది. జుట్టు సగం నెరిసింది, చంకలో మనవరాలు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వే గదా బాబూ, అందులో?"

"నేనే."

పెట్టె నా గొంతుతోనే చాటింపు ముగించి, మరో మాట లేకుండా పాటలోకి వెళ్ళిపోయింది. బుద్రి కాసేపు చూసింది. ఇంకేమైనా అంటుందేమోనని పెట్టె వైపు, తరువాత నా వైపు.

"అదేటి బాబూ," అంది. "తిరిగి అడగనేదేటి?"

ఆమె తట్టలోంచి ఓ నార పోగు లాగి, నేల మీద కూర్చుని ఆ టీకాల రోజుకి ముడులు వెయ్యడం మొదలుపెట్టింది. వేసి, తాడు నా చేతికిచ్చి, మనవరాలి జబ్బ నిమురుతూ నా మొహంలోకి చూసింది.

నేను కూడా నేల మీద కూర్చున్నాను. ఒక్కో ముడీ వేలితో తడిమి, రెండుసార్లు లెక్కపెట్టాను. సరిగ్గా ఉన్నాయి. నేటికి ముడి లేదు.